లైనక్స్‌కు ఈ యూఎస్‌బీ వైఫై అడాప్టర్ పనికొస్తుందా?

పాత ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు పోవడంతో ఈ అడాప్టర్ తీసుకున్నాను. పోర్టులో పెట్టగానే లైటు వెలిగింది కానీ, నెట్‌వర్క్‌ల జాబితా ఖాళీగా ఉంది. పాడైపోయిందని వెంటనే రిటర్న్ పెట్టేయకండి.

టెర్మినల్ తెరిచి యూఎస్‌బీ పరికరాల జాబితా చూపించే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ కొట్టండి. నాకు వచ్చిన వరుసలో వైఫై ఊసే లేదు, ఐడీ చివర 1ఏ2బీ, పక్కన డిస్క్ అని ఉంది. అంటే ఇది తనలో ఉన్న విండోస్ డ్రైవర్లను చూపించడానికి సీడీ డ్రైవ్‌లా కనిపిస్తోందన్నమాట. ఫైల్ మేనేజర్‌లో ఆ సీడీని ఎజెక్ట్ చేయగానే ఐడీ మారి, 8821సీయూ అనే వైఫై చిప్ బయటపడింది. నెట్‌వర్క్‌లన్నీ వరసగా వచ్చేశాయి! ప్రతిసారీ ఎజెక్ట్ చేసే పని లేకుండా ఆ మార్పును తనే చేసే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్యాకేజీ వేసుకున్నాను.

కొనేముందు మీ కెర్నల్ (లైనక్స్ మూల భాగం) వెర్షన్ చూసుకోండి. 6.2 నుంచి ఈ చిప్ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది. అంతకంటే పాతదైతే బయటి డ్రైవర్‌ను సోర్స్ కోడ్ నుంచి కంపైల్ చేసుకోవాలి. అప్పుడు సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే నడవనిచ్చే రక్షణ) ఆన్‌లో ఉంటే, డిజిటల్ సంతకం లేని ఆ డ్రైవర్ మాడ్యూల్ లోడ్ అవ్వదు, అదో టెన్షన్. కెర్నల్ సందేశాలు చూపించే డీమెస్గ్ (dmesg) లాగ్‌లో ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కే సాఫ్ట్‌వేర్) దొరకలేదని వస్తే లైనక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ అప్‌డేట్ చేయాలి.

సిగ్నల్ బాగుంది, వీడియో కాల్స్ తెగట్లేదు. నాకు కోపం తెప్పించింది ఒక్కటే: పెట్టె మీద చిప్ పేరు ఎక్కడా వేయలేదు. లైనక్స్ వాడేవాళ్లకు అన్నిటికన్నా ముందు కావాల్సింది అదే. అందుకే 5కి 3 స్టార్లు.