చవక ప్రాసెసర్ల ఓవర్‌క్లాకింగ్: కోర్ ఐ3-6100, రైజెన్ 3 1200

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ను తయారీదారు నిర్ణయించిన దానికంటే ఎక్కువ వేగంతో నడపడం. బేస్ క్లాక్ (మూల వేగం)ను మల్టిప్లయర్ (గుణకం)తో గుణిస్తే ప్రాసెసర్ వేగం వస్తుంది. ఇంటెల్ కోర్ ఐ3-6100లో మల్టిప్లయర్‌ను 37 దగ్గర లాక్ చేశారు కాబట్టి, 3.7 గిగాహెర్ట్జ్ దాటాలంటే 100 మెగాహెర్ట్జ్ బేస్ క్లాక్‌నే పెంచాలి. 2015 చివర్లో అస్‌రాక్ వంటి మదర్‌బోర్డు తయారీదారులు కొత్త బయాస్‌లతో (బోర్డును నడిపే మూల సాఫ్ట్‌వేర్) ఆ దారి తెరిచారు. అయితే అలా వేగం పెంచినప్పుడు చిప్‌లోని గ్రాఫిక్స్ పనిచేయవు, ఉష్ణోగ్రత సరిగ్గా కనిపించదు, ఏవీఎక్స్ ఆదేశాలు (భారీ లెక్కలకు వాడేవి) బాగా నెమ్మదిస్తాయి. పైగా చవక చిప్ కోసం ఖరీదైన జెడ్170 బోర్డు కొనాల్సి వచ్చేది. 2016 ఆరంభంలో ఇంటెల్ మైక్రోకోడ్ (చిప్ లోపలి నియంత్రణ కోడ్) మార్పుతో ఆ దారిని మూసింది, అస్‌రాక్ ఇందుకోసం ఇచ్చిన తన స్కై ఓసీ సదుపాయాన్ని ఉపసంహరించుకుంది. పాత బయాస్‌నే ఉంచుకున్నవారికి వేగం మిగిలింది గానీ, బయాస్ ద్వారా వచ్చే తర్వాతి సవరణలను వారు వదులుకోవలసి వచ్చింది. డబ్బు పెట్టి కొన్న చిప్ శక్తిని తర్వాత తగ్గించడం అన్యాయమని నా దృఢమైన అభిప్రాయం.

2017లో వచ్చిన రైజెన్ 3 1200లో నాలుగు కోర్లున్నాయి, మల్టిప్లయర్‌ను ఏఎండీయే తెరిచి ఉంచింది. దాన్ని ఓవర్‌క్లాక్ చేయడానికి బీ350 బోర్డు చాలు, ఏ320 బోర్డు మాత్రం పనికిరాదు. అందుకే నేను దీనివైపే మొగ్గుతాను, ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్ పాడైతే ఏఎండీ వారంటీ కూడా వర్తించదని తెలిసినప్పటికీ.