సముద్రపు మంచులో నాచుకి ఏ చోటు మేలు: పైనా, నడుమా, అడుగునా?

వసంతంలో ఆర్కిటిక్ సముద్రం మీద గడ్డకట్టిన మంచుని డ్రిల్లుతో గుండ్రంగా కోసి, ఆ దిమ్మని బయటికి తీసి చూస్తే పైనంతా తెల్లగా ఉంటుంది. అడుగున చివరి మూడు నాలుగు సెంటీమీటర్లు మాత్రం డికాక్షన్ ఒలికినట్టు గోధుమ రంగులో ఉంటాయి. అది మురికి కాదు, ప్రాణం. గాజులాంటి సిలికా పెంకులో బతికే డయాటమ్‌లు, అంటే ఒకే కణంతో ఉండే నాచు. 1840లలో బ్రిటిష్ నావికుడు జేమ్స్ రాస్ ఓడల్లో అంటార్కిటికా వెళ్లిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ హుకర్, అక్కడి మంచు మీది గోధుమ మరకలు ఈ డయాటమ్‌ల వల్లేనని గుర్తించాడు.

ఒకటి రెండు మీటర్ల మందం ఉన్న ఆ మంచులో ఇవి అడుగునే ఎందుకు గుమిగూడాయి? ఎండ ఉన్నది పైన కదా! ఇల్లు వెతుక్కునేవాళ్లలా మూడు అంతస్తులూ ఎక్కి దిగి చూద్దాం.

ముందు ఆ ఇల్లు ఎలాంటిదో తెలియాలి. దీన్ని మన ఫ్రిజ్‌లోనే చూడొచ్చు. లీటరు నీళ్లలో 35 గ్రాముల ఉప్పు వేయండి, సముద్రపు నీటి ఉప్పదనం దాదాపు అంతే. రెండు చుక్కల నీలి సిరా కలిపి గ్లాసులో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. సగం గడ్డకట్టాక తీస్తే అంచుల్లో మంచు వెలిసిపోయినట్టు ఉంటుంది, సిరా నడుమకి చేరుతుంది. నీరు గడ్డకట్టేటప్పుడు సిరాని, ఉప్పుని తన స్ఫటికాల్లో ఇముడ్చుకోదు, పక్కకి నెట్టేస్తుంది. సముద్రంలోనూ ఇదే జరుగుతుంది. నెట్టేసిన ఉప్పులో కొంత కిందికి దిగిపోతే, మిగిలింది చిక్కటి ఉప్పునీరుగా స్ఫటికాల మధ్య సన్నటి కాలువల్లో చిక్కుకుంటుంది. కొన్ని వెంట్రుకకన్నా సన్నం, కొన్ని మిల్లీమీటర్ల వెడల్పు. నాచు, బాక్టీరియా కాపురం ఉండేది ఆ కాలువల్లోనే.

పై అంతస్తులో వెలుతురుకి లోటు లేదు, కానీ చలికాలంలో అక్కడ బతకడం నరకం. మంచు ఎంత చల్లబడితే కాలువల్లోని నీరు అంత గడ్డకట్టి, మిగిలిన నీరు అంత ఉప్పెక్కుతుంది. మైనస్ 10 డిగ్రీల దగ్గర ఆ ఉప్పదనం సముద్రానికి నాలుగు రెట్లు. మైనస్ 20 దగ్గర కిలోకి 200 గ్రాములు దాటుతుంది. వేసవిలో మళ్లీ పైమంచు కరిగి మంచినీళ్లు పోటెత్తుతాయి. ఊరగాయ జాడీలో ఉన్న ప్రాణిని తీసి మంచినీళ్ల కుండలో పడేసినట్టు అవుతుంది. ఈ దెబ్బ ఎంత గట్టిదంటే, ల్యాబ్‌లో మంచు ముక్కని ఊరికే కరిగిస్తే కణాలు పగిలిపోతాయని, వడకట్టిన సముద్రపు నీరు కలిపి మెల్లగా కరిగిస్తారు.

అయితే అంటార్కిటికాలో పై అంతస్తు సంగతి వేరు. అక్కడ మంచు పలచన, దాని మీద కురిసే హిమం ఎక్కువ. ఆ బరువుకి మంచు పైభాగం సముద్ర మట్టం కంటే కిందికి కుంగి, సముద్రపు నీరు హిమంలోకి ఊరుతుంది. ఎండా దొరికింది, ఎరువూ దొరికింది! అక్కడ నాచు బాగా పెరుగుతుంది. ఆర్కిటిక్‌లో ఈ అదృష్టం తక్కువ.

నడిమి అంతస్తు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మంచులో ఉప్పునీటి వాటా 5 శాతం కంటే తగ్గితే కాలువలు ఒకదానితో ఒకటి తెగిపోతాయని 1998లో గోల్డెన్, ఆక్లీ, లైటిల్ అనే శాస్త్రవేత్తలు తేల్చారు. మామూలు సముద్రపు మంచులో ఇది సుమారు మైనస్ 5 డిగ్రీల దగ్గర జరుగుతుంది. అప్పటినుంచి అది తలుపులు మూసిన గది. నాచుకి ఎరువులాంటి నైట్రేటు ఉన్నది తినేశాక ఇంకోటి రాదు. నడుమ కనిపించే నాచులో చాలావరకు కోరి వచ్చింది కాదు, నీరు గడ్డకట్టేటప్పుడు పైకి తేలే చిన్న స్ఫటికాలకి తగులుకుని వచ్చినదే. బాక్టీరియాకి మాత్రం ఈ గది పనికొస్తుంది. వాటికి వెలుతురు అక్కర్లేదు, నాచు వదిలిన జిగురు, చనిపోయిన కణాల సారం చాలు. కోల్వెల్లియా సైక్రెరిత్రియా అనే చలి బాక్టీరియా మైనస్ 10 డిగ్రీల దగ్గర కూడా ఈదడం ల్యాబ్‌లో చూశారు.

ఇక అడుగు. నా ఓటు దీనికే. ఇక్కడ చలి మైనస్ 1.8 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది, అది సముద్రపు నీరు గడ్డకట్టే స్థాయి. ఉప్పదనం సముద్రంతో సమానం. మంచు పుస్తకంలో పేజీల్లా పలచటి పలకలుగా వేలాడుతుంటే, వాటి సందుల్లోకి నైట్రేటు, సిలికా ఉన్న నీటిని ప్రవాహాలు ఎప్పటికప్పుడు తెచ్చిపెడతాయి.

లోటల్లా వెలుతురే. పైన హిమం బాగా ఉంటే, పడిన ఎండలో ఒక శాతం కూడా అడుక్కి చేరదు. కానీ నాచు ఈ ఒక్క లోటుకి సర్దుకోగలదు. పత్రహరితాన్ని, గోధుమ రంగునిచ్చే ఫ్యూకోజాంథిన్‌ని పెంచుకుని దొరికిన ప్రతి కిరణాన్నీ పట్టుకుంటుంది. 2020లో మోజాయిక్ అనే ఆర్కిటిక్ పరిశోధన యాత్రలో, ఉత్తర ధ్రువానికి దగ్గరగా మంచుతో పాటు కొట్టుకుపోతున్న పోలార్‌స్టెర్న్ అనే పరిశోధన ఓడ నుంచి కొలిచినప్పుడు, మార్చి చివరికల్లా మంచు కింది నీటిలో సూక్ష్మ నాచు పెరగడం మొదలైంది. అప్పటికి అక్కడ సూర్యుడు క్షితిజం మీదికి వచ్చి కొన్ని రోజులే. వెలుతురు తక్కువైతే మెల్లగానైనా పెరగొచ్చు. తిండే అందకపోతే ఎంత ఎండ ఉన్నా ఏం లాభం?

పైగా ఇవి ఇంటిని బాగుచేసుకునే అద్దెదారులు. జిగురు స్రవించి కాలువలు పూర్తిగా మూసుకుపోకుండా చూస్తాయి. ఫ్రాజిలారియోప్సిస్ సిలిండ్రస్ అనే డయాటమ్ మంచు స్ఫటికాలకి అతుక్కునే ప్రోటీన్లు వదులుతుంది. దాంతో చుట్టూ ఉన్న స్ఫటికాల పెరుగుదలే మారిపోతుంది. 

అడుగుల్లోకెల్లా మేలైన అడుగు అంటార్కిటికాలోని మెక్‌ముర్డో సౌండ్ అనే సముద్రపు పాయది. అక్కడ నేల మీది నుంచి సముద్రంలోకి చాచుకుని తేలే మందపాటి మంచు అరల కింద నుంచి గడ్డకట్టే స్థాయి కంటే చల్లబడిన నీరు వచ్చి, పలకల్లాంటి స్ఫటికాలుగా మారి మంచు కింద వదులుగా పేరుకుంటుంది. వాటి మధ్య సందు ఎక్కువ, నీటి రాకపోకలకి అడ్డు తక్కువ. సముద్రపు మంచులో కొలిచిన అత్యధిక పత్రహరితం లెక్కల్లో కొన్ని అక్కడివే.

ఈ చోటుకి ఒక గండం ఉంది. ఎండాకాలం సముద్రం వేడెక్కితే ముందు జారిపోయేది ఈ అడుగే. ఈలోగా దీన్ని నమ్ముకున్న నోళ్లు చాలా ఉన్నాయి. అంటార్కిటికాలో క్రిల్ అనే రొయ్యల్లాంటి చిన్న ప్రాణుల పిల్లలు చలికాలమంతా మంచు అడుగునే గీక్కుని తింటాయి. ఆర్కిటిక్‌లో కాలనస్ గ్లేసియాలిస్ అనే, రొయ్యలకి దూరపు చుట్టమైన చిన్న ప్రాణి గుడ్లు పెట్టడానికి ఈ నాచు మేత మీద ఆధారపడుతుంది. అందుకే మంచు కొన్ని వారాలు ముందే కరిగిందని చదివినప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉంటుంది.

మెలోసిరా ఆర్కిటికా అనే డయాటమ్ అయితే మంచు అడుగు నుంచి మీటర్ల పొడవున జడల్లా వేలాడుతుంది. 2012లో ఆర్కిటిక్ మంచు అంతకు ముందెన్నడూ కొలవనంత తగ్గిపోయిన వేసవిలో, అదే పోలార్‌స్టెర్న్ నుంచి సముద్రపు అడుక్కి కెమెరా దింపారు. ఆ జడలు తెగి, ముద్దలు ముద్దలుగా 4,000 మీటర్ల లోతున నేల మీద పడున్నాయి. చుట్టూ సముద్ర దోసకాయలు చేరి మేస్తున్నాయి.