పాత అమెరికా నేవీ పీ కోటు: ధరకన్నా ముందు లేబుల్ చూడండి

పీ కోటంటే నావికులు వేసుకునే మందపాటి ఉన్ని కోటు. డబ్బు పెట్టదగింది కెర్సీ అనే దట్టమైన ఉన్నిగుడ్డతో కుట్టిన కోటే. బరువు, బిరుసు రెండూ ఎక్కువే, కానీ ఈదురుగాలిని లోపలికి రానివ్వదు. 1980ల నుంచి వచ్చినవాటిలో మెల్టన్ అనే మరో రకం ఉన్నిగుడ్డ. మెత్తగా, తేలిగ్గా ఉంటాయి, ఆ పట్టు మాత్రం లేదు.

కాలం తేల్చేది లోపలి లేబుల్. 'డీఎస్ఏ 100-68-సి' అని ఉంటే అది 1968 నాటి కాంట్రాక్టు. డీఎస్ఏ అంటే అమెరికా సైన్యానికి సరఫరాలు చూసే సంస్థ. 1977లో, అంటే వియత్నాం యుద్ధం ముగిశాక, ఆ సంస్థ పేరు డీఎల్ఏగా మారింది. కాబట్టి డీఎల్ఏ లేబులున్న కోటును 'వియత్నాం యుద్ధకాలంది' అని అమ్మజూపితే ఓ నవ్వు నవ్వి వదిలేయండి. రెండో ప్రపంచ యుద్ధం నాటివాటికి జేబుల లోపల కార్డురాయ్ గుడ్డ ఉంటుంది.

సైజు అంకెను నమ్మొద్దు. గుండీలు పెట్టి, చంక నుంచి చంకకు కొలిచి రెట్టింపు చేయండి. మీ ఛాతీ కొలతకన్నా కనీసం 10 సెం.మీ. ఎక్కువుండాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పురుగు తిన్న చిల్లులు బయటపడతాయి. కాలరు కింద తప్పక చూడాలి. లైనింగ్ చిరిగితే మామూలు దర్జీ చాలు. ఉన్నికి చిల్లు పడితే రఫూ ఖర్చు తడిసి మోపెడవుతుంది. అమ్మేవాళ్లు ఈ చిల్లులనే ఫొటోల్లో దాచేస్తారు, వాటి ఫొటోలు అడిగి తెప్పించుకోండి.

కలరా ఉండల వాసనకు నీడలో గాలికి వేలాడదీయడమే మందు. వాషింగ్ మెషిన్‌లో వేస్తే కుంచించుకుపోయి పిల్లల కోటవుతుంది.