తలుపు తాళం నా దగ్గరే ఉంది: సీనియర్ లివింగ్‌లో 14 నెలలు

నాకు 73 ఏళ్లు. 30 ఏళ్లకు పైగా హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. మావారు పోయాక నాలుగేళ్లు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నాను. ఇప్పుడు 14 నెలలుగా ఒక సీనియర్ లివింగ్ కమ్యూనిటీలో, అంటే పెద్దవయసు వాళ్ల కోసమే నడిపే నివాసంలో ఉంటున్నాను. ఇలాంటి చోటుకి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను.

నేను పడిపోయో, జబ్బు చేసో ఇక్కడికి రాలేదు. ఒక సోమవారం పొద్దున ఫోన్ మోగితే ఎత్తాను, గొంతు పెగల్లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనుషుల మధ్య బంధాల గురించి ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసిందని చదివినప్పుడు నాకు ఆ సోమవారమే గుర్తొచ్చింది.

చేరేముందు నాలుగు చోట్లు చూశాను. వెళ్లిన ప్రతిచోటికీ కొలిచే టేపు తీసుకెళ్లాను. వీల్‌చైర్ ర్యాంపు అంగుళం ఎత్తుకి కనీసం 12 అంగుళాల పొడవు ఉండాలి. ఒకచోట 20 అంగుళాల ఎత్తుకి 9 అడుగుల ర్యాంపు కట్టారు. దాని మీద సొంత చేతులతో చక్రాలు తిప్పుకుంటూ ఎక్కడం కష్టం, వెనక నుంచి ఎవరో ఒకరు తోయాల్సిందే. అంటే మనం ఒక్కళ్లమే బయటికి వెళ్లి వస్తామన్న ఆలోచనే కట్టినవాళ్లకి రాలేదు. ఇక్కడ అదే ఎత్తుకి 20 అడుగులు పైనే ఉంది, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలున్నాయి. బాత్రూం తలుపు తెరిస్తే 32 అంగుళాల ఖాళీ వస్తుంది. కారిడార్లో వెలుగు కూడా బాగుంటుంది. 60 దాటిన కంట్లో రెటీనాకి చేరే వెలుగు, 20 ఏళ్ల కంటితో పోలిస్తే దాదాపు మూడో వంతే. మీతో వచ్చిన పిల్లలు లైట్లు బాగానే ఉన్నాయన్నా, చీకటి పడ్డాక ఒకసారి మీరే వెళ్లి చూసుకోండి.

ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నన్నాళ్లూ నేను ఎవరి మీదా ఆధారపడట్లేదనే అనుకున్నాను. నిజానికి ట్యూబ్‌లైటు మార్చే మనిషి కోసం, కుళాయి బాగుచేసే మనిషి కోసం ఎదురుచూడ్డంలోనే ఎన్నో రోజులు పోయాయి. ఇక్కడ రిసెప్షన్ రిజిస్టర్లో రాస్తే అదే రోజో మర్నాడో పని అయిపోతుంది. నా తలుపు తాళం నా దగ్గరే ఉంటుంది. శుభ్రం చేసే అమ్మాయి తలుపు కొట్టి, నేను రమ్మన్నాకే లోపలికి వస్తుంది. బయటికి వెళ్తే ఎప్పటికి తిరిగొస్తానో రాసి వెళ్లాలి, అంతే. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. ఈ ఒక్క తేడా కోసమే మిగతా మూడు చోట్లూ వద్దనుకున్నాను.

స్నేహం మాత్రం వెంటనే దొరకలేదు. మొదటి మూడు వారాలు డైనింగ్ హాల్‌కి జనం రాకముందే వెళ్లి, తినేసి గదికి వచ్చేసేదాన్ని. పరిచయాల కోసమని వాళ్లు పెట్టే సాయంత్రం కార్యక్రమాలకి రెండుసార్లు వెళ్లాను. మైకు శబ్దంలో పక్కవాళ్ల పేరు కూడా వినపడలేదు.

నాలుగో వారంలో, మా అంతస్తులోనే ఉండే ఒకావిడ మందుల పెట్టెలోని కాగితం పట్టుకుని నా తలుపు కొట్టారు. ఆవిడకి 78, నేను అక్కయ్యగారు అని పిలుస్తాను. మాక్యులర్ డీజనరేషన్ వల్ల చూపు మధ్యభాగం పోయింది, అంచులు కనిపిస్తాయి. మనిషి వస్తున్నారని తెలుస్తుంది కానీ ముఖం ఆనదు. "టీచరుగారట కదా, ఈ చిన్న అక్షరాలు కాస్త చదివిపెడతారా?" అన్నారు. చదివాను. మర్నాడు పేపరు తెచ్చారు. అప్పటినుంచి రోజూ నాలుగు గంటలకి చదవడం మొదలైంది.

నాకు మోకాలి ఆపరేషన్ అయ్యాక పడిపోతానేమోనన్న భయం పట్టుకుంది. తోటలోకి వెళ్లడం మానేశాను. ఆ సంగతి తెలిసి అక్కయ్యగారు నా మోచెయ్యి పట్టుకుని బయల్దేరదీశారు. ఈ బిల్డింగంతా ఆవిడకి అడుగుల లెక్కలో కంఠతా వచ్చు. లిఫ్టు నుంచి మలుపుకి 38, మలుపు నుంచి మెట్లకి 12. మెట్ల అంచులకి వేసిన పసుపు పట్టీ ఆవిడకి పక్కచూపులో తెలుస్తుంది. నేను దారిలో అడ్డమున్న కుర్చీల సంగతి చెప్తాను, ఆవిడ మెట్టు ఎప్పుడొస్తుందో చెప్తారు. రెండు నెలల్లో తోట చుట్టూ మూడు రౌండ్లు నడవగలిగాను.

ఒకసారి మాత్రం నొచ్చుకున్నారు. ఆవిడకి కష్టమని నేనే బట్టలు తీసి మంచం మీద పెట్టాను, సూదిలో దారం ఎక్కించాను, డైనింగ్ హాల్లో ప్లేటు కూడా నేనే పట్టుకొచ్చాను. అప్పుడే ఏమీ అనలేదు. రాత్రి నా గదికి వచ్చి, "చదవడం మీ పని. బట్టలు ఎంచుకోవడం నాది. కావలసి వస్తే నేనే అడుగుతాను" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా అబ్బాయి నా బ్యాంకు పనులన్నీ తనే చేసేస్తానన్నప్పుడు నాకు వచ్చిన కోపం ఇదే కదా అనిపించింది. పొద్దున్నే వెళ్లి క్షమించమన్నాను. అప్పటినుంచి దేనికైనా ముందు అడుగుతున్నాను.

ఇక లోపాలు. కమోడ్ పక్కన, సాయానికి పిలవడానికి లాగే ఎమర్జెన్సీ తాడు ఉంటుంది. పడిపోయిన మనిషి నేల మీంచి అందుకోవాలి కాబట్టి అది నేలదాకా వేలాడాలి. తుడిచేటప్పుడు తడుస్తుందని దాన్ని పైకి ముడేసి వదిలేసేవారు. రెండుసార్లు చెప్పినా మారలేదు. మూడోసారి మేనేజర్‌ని పిలిచి, బాత్రూం నేల మీద పడుకుని, చెయ్యి చాపి చూపించాను. ఆ సాయంత్రమే అన్ని గదుల్లోనూ ముడులు విప్పించారు. ప్రాణం మీదికి వచ్చే ఇలాంటి విషయం ఒక నివాసి చెప్పేదాకా ఆగడం తప్పే. ఎక్కడ చేరినా మొదటిరోజే ఆ తాడు చూసుకోండి.

రెండోది అగ్రిమెంటు. ఇది ఇండిపెండెంట్ లివింగ్, అంటే ఎవరి పనులు వాళ్లే చేసుకునే చోటు, నర్సింగ్ హోమ్ కాదు. స్నానం, బట్టలు వేసుకోవడం, టాయిలెట్‌కి వెళ్లడం, మంచం మీంచి లేవడం, మలమూత్రాల మీద అదుపు, తినడం, ఈ ఆరింట్లో రెండింటికి సాయం కావలసి వస్తే ఆ పనుల్లో సాయం చేసే అసిస్టెడ్ లివింగ్ బ్లాక్‌కి మారాలి, ఛార్జీ పెరుగుతుంది. షరతు న్యాయమే కావచ్చు. కానీ చేర్చుకునేటప్పుడు ఎవరూ నోరు విప్పి చెప్పలేదు, పదకొండో పేజీలో ఉంటే నేనే చూసుకున్నాను. ఆ నిర్ణయం ఎవరు చేస్తారు, అందులో మన మాట ఎంత, వెళ్లిపోతే డిపాజిట్ ఎన్నాళ్లకి ఇస్తారు, ఇవి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. నేను అడిగితే ఇచ్చారు.

రాత్రి డ్యూటీలో మా అంతస్తుకి ఒక్కరే ఉంటారు, అది చాలదు. కొత్తగా చేరిన కుర్రాళ్లు మనకి వినపడదనుకుని గట్టిగా అరిచి మాట్లాడతారు, చెప్తే మానుకుంటారు.

రోజంతా పక్కన మనిషి ఉండి చూసుకోవలసినవాళ్లకి ఈ చోటు సరిపోదు. తమ పనులు తాము చేసుకోగలిగి, ఇంటి బరువు మాత్రం మోయలేకపోతున్నవాళ్లకి నేను ధైర్యంగా చెప్తాను. 5కి 4 ఇస్తున్నాను. తాడు, రాత్రి డ్యూటీ, ఈ రెండింటికీ కలిపి ఒకటి తగ్గించాను.

పోయిన వారం అగ్రిమెంట్లు రెన్యువల్ చేశాం. అక్కయ్యగారి అగ్రిమెంటు మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించడానికి రెండు సాయంత్రాలు పట్టింది. పదకొండో పేజీ ఆవిడ రెండుసార్లు చదివించుకున్నారు. సంతకం దగ్గరికి వచ్చేసరికి, "గీత కింద స్కేలు పెట్టండి చాలు" అన్నారు. పెట్టాను. వేలితో అంచు తడుముకుని ఆవిడే సంతకం చేశారు.