బావి నంబర్ 7 నుంచి అబ్కైక్ దాకా

మా తమ్ముడు సౌదీలోని అబ్కైక్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర పైపు వెల్డరు. "ఒక్కసారి వచ్చి చూసిపో అన్నా" అని ఏళ్లుగా పిలుస్తుంటే ఈ జనవరిలో జగిత్యాల నుంచి వెళ్లాను.

ఖోబర్‌లో దిగాం. సముద్రం పక్కన హోటలని పేరే గాని రెండు రోజులు వేణ్ణీళ్లు రాలేదు. ఇచ్చిన డబ్బు దండగే. తిండికి మాత్రం లోటు లేదు, మలయాళీ హోటళ్లు బోలెడు.

ధహ్రాన్‌లోని ఇత్రాకు రోజంతా కేటాయించుకోండి. సౌదీ చమురు కంపెనీ అరామ్‌కో కట్టించిన సాంస్కృతిక కేంద్రం అది. గ్రంథాలయం, మ్యూజియం, థియేటర్ అన్నీ అక్కడే. భవనానికి బయటంతా స్టీలు గొట్టాలు చుట్టారు. తమ్ముడు లోపలికి రాకుండా పావుగంట వాటినే చూస్తూ నిలబడ్డాడు. "ఆ వంపులు చూడన్నా, దేనికదే వేరు."

దగ్గర్లోనే దమ్మామ్ 7వ నంబరు బావి. అరామ్‌కోకు మూలమైన కాలిఫోర్నియా కంపెనీ చమురు వెతకడానికి 1933లో ఒప్పందం రాయించుకుంటే, ఆశలు వదులుకునే వేళకి, 1938 మార్చిలో ఇక్కడ చమురు దండిగా పడింది. భూగర్భ శాస్త్రవేత్తలకు ఎడారి దారులు చూపిన ఖమీస్ బిన్ రిమ్‌థాన్ పేరు తర్వాత ఒక చమురు క్షేత్రానికి పెట్టారు. దారి చూపినవాణ్ణి గుర్తుంచుకున్నారని తెలిసి మనసు నిండింది.

దమ్మామ్ నుంచి హుఫూఫ్‌కు రైలెక్కాం. శుభ్రంగా ఉంది, టైముకు కదిలింది. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది ఇదే. ఈ దారిలో 1951లో మొదట రైలు మార్గం వేసింది కూడా అరామ్‌కోయే. రాజు అబ్దులజీజ్ రైలు కావాలన్నాడు, చమురు కంపెనీ పట్టాలు పరిచింది. సర్కారు చేయాల్సిన పనులు కంపెనీ చేసిపెట్టిన రోజులవి. అలాగని పెత్తనం దానిదే అనుకుంటే పొరపాటు. 1973లో అందులో ఎక్కువ వాటా అమెరికా కంపెనీలదే, అయినా రాజు ఫైసల్ ఆజ్ఞతో అమెరికాకే చమురు ఆపేసింది. 1980 నాటికి మొత్తం సౌదీ సర్కారు చేతికొచ్చింది.

అబ్కైక్‌లో బండి ఆగినప్పుడు తమ్ముడు గొంతు తగ్గించాడు. 2019 సెప్టెంబర్ 14, శనివారం తెల్లవారుజామున ఇక్కడి అరామ్‌కో చమురు ప్లాంటు మీద దాడి జరిగింది. దేశపు చమురు ఉత్పత్తిలో సగం ఆగిపోయింది, ప్రపంచమంతటా ధరలు ఎగిశాయి.

"క్యాంపులో మంచాలు కదిలినయన్నా. బయటికొస్తే ఆకాశం ఎర్రగ ఉంది. అమ్మకు ఇప్పటికీ చెప్పలే."

హుఫూఫ్ ఖైసరియా బజారులో ఖలాస్ ఖర్జూరాలు కొన్నాం. అమ్మకని ఒక్కొక్కటే తనే ఏరాడు.