పార్క్‌లేన్‌లో పాత ల్యాప్‌టాప్‌కి ర్యామ్ కొంటున్నారా? స్టిక్కర్ నమ్మకండి

1,300 రూపాయలు బూడిదలో పోశా. డబ్బు సంగతి అలా ఉంచండి, షాపువాడన్న మాటకి ఇంకా ఒళ్లు మండుతోంది. షాపు పేరు రాయను. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ (చెనోయ్ ట్రేడ్ సెంటర్) చుట్టుపక్కల పాత పార్టుల కోసం తిరిగేవాళ్లు ఎవరో ఊహించే ఉంటారు.

మెషిన్ థింక్‌ప్యాడ్ టీ440పీ, నాలుగో జనరేషన్ ఇంటెల్ ప్రాసెసర్. ఒక స్లాట్లో 4 జీబీ ఉంది, రెండోది ఖాళీ. దానికి 8 జీబీ డీడీఆర్3ఎల్ (తక్కువ వోల్టేజీతో నడిచే ర్యామ్) కావాలని, 1.35 వోల్టులదే ఇవ్వమని రెండుసార్లు చెప్పి మరీ తీసుకున్నది. స్టిక్కర్ మీద పీసీ3ఎల్-12800ఎస్ అని ముత్యాల్లాంటి అక్షరాలు. అందులో ఎల్ అంటేనే తక్కువ వోల్టేజీ. ఇంకేం, పెళ్లికొడుకుని చూసినంత సంబరం.

బిగించడంలో తేడా ఏమీ లేదు. చార్జర్, బ్యాటరీ తీసేసి, పవర్ బటన్ ఓ పదిహేను సెకన్లు నొక్కిపట్టి, అడుగు మూతకున్న రెండు స్క్రూలు వదులు చేసి, మూత జరిపి తీసి, ర్యామ్ స్టిక్‌ని ఏటవాలుగా దూర్చి, పక్క క్లిప్పులు టక్కుమనేదాకా కిందికి వంచడమే. ఆన్ చేస్తే బీప్‌లు, నల్ల స్క్రీన్. స్లాట్ మార్చినా అంతే, కొత్తది ఒక్కటే పెట్టినా అంతే. కాంటాక్టులు రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచినా అంతే. పాత 4 జీబీ మాత్రం ఏ స్లాట్లో పెట్టినా బుద్ధిగా ఆన్ అవుతోంది. అంటే బోర్డూ స్లాట్లూ బాగానే ఉన్నాయి, తేడా స్టిక్‌లోనే.

వెనక్కి పట్టుకెళితే ఏం చేశాడో చూడండి. నా ల్యాప్‌టాప్ వైపు కన్నెత్తి కూడా చూడకుండా, కౌంటర్ కింద నుంచి తన టెస్టింగ్ మెషిన్ తీశాడు. అది రెండో జనరేషన్‌ది. స్టిక్ అందులో పెట్టాడు. ఆన్ అయింది. చుట్టూ ఉన్న నలుగురికీ వినపడేలా, "చూసినవా అన్నా, మాల్ మంచిగనే ఉంది. ఇంట్ల నువ్వే ఓపెన్ చేసి బోర్డు కాల్చుకున్నవ్. పని రానప్పుడు ఎందుకు కెలుకుడు?" అన్నాడు.

ఎందుకు ఆన్ కాదు మరి! రెండో జనరేషన్ బోర్డు ర్యామ్‌కి 1.5 వోల్టులిస్తుంది. మామూలు డీడీఆర్3కి కావలసిందీ అదే. నాలుగో జనరేషన్ ల్యాప్‌టాప్ బోర్డు ఇచ్చేది 1.35 మాత్రమే. ఎల్ ఉన్న స్టిక్ రెండో జనరేషన్ మెషిన్లో పనిచేస్తుంది గానీ, ఎల్ లేనిది నాలుగో జనరేషన్ మెషిన్లో లేవదు. రెండింటికీ అవే 204 పిన్నులు, గాటు కూడా అక్కడే, కాబట్టి చక్కగా దూరిపోతుంది. ఈ సంగతి వాడికి తెలియక కాదు. ఆ టెస్టింగ్ మెషిన్ అందుకే పెట్టుకున్నాడని నా నమ్మకం.

వాడి ముందే స్టిక్కర్ అంచు గోటితో లేపితే కింద ఇంకో స్టిక్కర్. పీసీ3-12800ఎస్. ఎల్ మాయం. దానికి వాడి జవాబు: "స్టిక్కర్ చింపినవ్, ఇగ వారంటీ లేదు."

నన్ను నేనే తిట్టుకోవాలి. వెనకవైపు చిప్‌ల మీద ఏ స్టిక్కరూ లేదు, అక్కడ పచ్చిగా రాసే ఉంది. హైనిక్స్ చిప్ అయితే హెచ్5టీసీ అని మొదలైతే 1.35, హెచ్5టీక్యూ అయితే 1.5. నాకు అంటగట్టింది టీక్యూ. శాంసంగ్‌లో చివర వైకే0 ఉంటే 1.35, సీకే0 ఉంటే 1.5. మైక్రాన్ చిప్ మీద పొట్టి కోడ్ ఒక్కటే ఉంటుంది, దాన్ని వాళ్ల సైట్లో కొడితే పూర్తి నంబరు వస్తుంది: ఎంటీ41కే అయితే 1.35, ఎంటీ41జే అయితే 1.5. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే అర నిమిషం పని. ఇన్నేళ్లుగా పక్కవాళ్లకి చెబుతూ, నేను మాత్రం స్టిక్కర్ చదివి వచ్చేశా.

ఇంకో మెలిక కూడా ఉంది. నాలుగో జనరేషన్, అంతకు ముందువాటికి 8 జీబీ స్టిక్ అంటే రెండు వైపులా కలిపి 16 చిప్‌లు ఉండాలి, స్టిక్కర్ మీద 2ఆర్ఎక్స్8 అని ఉంటుంది. ఎనిమిదే చిప్‌లున్న 8 జీబీ స్టిక్ 1.35 వోల్టులదైనా వీటిలో పనికిరాదు.

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకెళ్లండి, డబ్బు కట్టకముందే అందులోనే పెట్టించి చూడండి. బిల్లు అడగండి. "బిల్లు కావాలంటే జీఎస్టీ ఎక్స్‌ట్రా" అన్నప్పుడే నేను లేచి రావాల్సింది.

మీలో ఎవరి దగ్గరైనా రెండో జనరేషన్ మెషిన్ ఉంటే చెప్పండి, ఈ స్టిక్ ఇచ్చేస్తా. భేషుగ్గా పనిచేస్తుంది, షాపువాడే నలుగురి ముందూ రుజువు చేశాడు.