మాంగా వచ్చింది సరే, వరస ఏది?

రాజమహేంద్రవరంలో పాఠ్యపుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు అమ్మే ఒక దుకాణం ఈ మధ్య మాంగాకు ప్రత్యేకంగా రెండు అరలు కేటాయించింది. అమలాపురం, భీమవరం వైపు పిల్లలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే ఈ జపాన్ బొమ్మల కథలను నాలుగు పేజీలు తిరగేసి చూసి కొనుక్కునే వీలు కలగడం సంతోషించదగిన విషయమే. అయితే యజమాని వీటిని అమెరికన్ కామిక్స్ లాగానే చేతికందినవి తెప్పించి సర్దేశారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

1938లో పుట్టిన సూపర్‌మ్యాన్ మీద హక్కులు ప్రచురణ సంస్థవి కనుక, రచయితలూ చిత్రకారులూ ఎందరు మారినా కథలు వస్తూనే ఉన్నాయి. వాటిలో చాలా సంపుటాలను ఎక్కడ అందుకున్నా చదువుకోవచ్చు. పేరున్న మాంగాలు ఎక్కువగా అలా ఉండవు. ఒకే రచయిత సహాయకులను పెట్టుకుని, 1968లో మొదలైన షోనెన్ జంప్ వంటి పత్రికల్లో వారం వారం గీసుకుంటూ పోయిన ఒకే కథ తర్వాత సంపుటాలుగా వెలువడుతుంది. డ్రాగన్ బాల్ అలా 42 సంపుటాలైంది. ఈ దుకాణంలో దానివి 1, 2, 5, 9 మాత్రమే ఉన్నాయి. సభాపర్వం ఇవ్వకుండా ఉద్యోగపర్వం కొనమంటే ఎవరు కొంటారు?

రంగులు లేవని మాంగాను పక్కన పెట్టేవారున్నారు. వారానికి సుమారు 20 పేజీలు గీసి, చవక కాగితం మీద అచ్చు వేయవలసిన చోట రంగులకు తీరిక ఎక్కడిది? నరసాపురంలో పుట్టిన బాపు గీతను చూస్తూ పెరిగిన మనకైతే ఆ అభ్యంతరం ఉండనే కూడదు. నేను తెరిచిన ఒక సంపుటంలో ఒక పేజీ నిండా ఒక్క మాట లేదు: చూరు నుంచి కారుతున్న వాన, గోడకు ఆనించిన గొడుగు, తలుపు తట్టబోయి ఆగిన చెయ్యి. అమెరికన్ నెలవారీ సంచికలో కథకు దక్కేవి ఇరవై పైచిలుకు పేజీలే కాబట్టి, అక్కడ ఇదంతా తరచుగా ఒక్క గడిలో ఒక వాక్యంతో తేలిపోతుంది. నెలకు దాదాపు నాలుగు రెట్లు పేజీలున్న జపాన్ రచయిత మాత్రం ఆ చెయ్యి దగ్గర తాపీగా ఆగగలడు.

“పుస్తకం తిరగేసి కుట్టేశారండీ, మార్చి ఇవ్వండి” అని ఒక పెద్దాయన అడుగుతుంటే కౌంటర్ దగ్గరి కుర్రవాడు నీళ్లు నమిలాడు. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఒకప్పుడు ఇంగ్లీషు అనువాదాల్లో పేజీలను అద్దంలో బింబంలా తిప్పి వేసేవారు. దాంతో కుడిచేతి వాటం కత్తివీరులంతా ఎడమచేతి వాటం వాళ్లైపోయేవారు. ఇప్పుడు మూలంలో ఉన్నట్టే వేస్తున్నారు. అర మీద ఆ సంగతి రాసి చీటీ అంటిస్తే సరిపోతుంది.

సుమారు 200 పేజీల సంపుటం 400 నుంచి 600 రూపాయల మధ్య దొరుకుతోంది. ధరకు వంక పెట్టను. కానీ జపాన్‌లో అబ్బాయిలకు, అమ్మాయిలకు, పెద్దవాళ్లకు వేర్వేరు పత్రికలున్నాయి. బొమ్మలున్నవన్నీ పిల్లలవే అనుకుని ఇక్కడ అన్నిటినీ కలిపి కింది అరలో పెట్టారు. చాలా సంపుటాల వెనక అట్ట మీద వయసు సూచన ఉంటుంది; పిల్లల కోసం వెళ్లేవారు దుకాణదారుని మాట మీద కాక, దానిని చూసుకుని కొనడం మంచిది.